పీహెచ్‌డీ చివరి ఏడాది: సెమినార్లు, గ్రాంట్లు, ఉద్యోగాలు... ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి? (ఒక ఫోరంలో చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

తుదిప్రతి:

సోషియాలజీ పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నాను. థీసిస్ సమర్పించడానికి ఇంకో ఏడు నెలలుంది. అంశం వలస కార్మికుల కుటుంబాల అప్పులు. 42 లోతైన ఇంటర్వ్యూలు పూర్తయ్యాయి. దీని తర్వాతి ప్రాజెక్టుగా 400 ఇళ్ల సర్వే చేయాలని ఆలోచన. నాలుగు విషయాలు తెలిసినవాళ్లు చెప్పండి.

సెమినార్లకి రమ్మని రోజూ మెయిళ్లు వస్తున్నాయి. ఏది అసలైనదో, ఏది ఫీజు కోసం పెట్టిన దుకాణమో ఎలా తేల్చుకోవాలి? సర్వే కోసం పెట్టిన గ్రాంట్ దరఖాస్తు తిరిగొచ్చింది. రివ్యూలో రెండే వాక్యాలు: "పద్ధతి స్పష్టంగా లేదు. బడ్జెట్‌కు ఆధారం చూపలేదు." బడ్జెట్ అసలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి కట్టాలి? పోస్ట్‌డాక్‌లకు (పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్ల పరిశోధన ఉద్యోగాలకు) ఇప్పుడే ప్రయత్నించాలా, పట్టా చేతికొచ్చాకా? యూనివర్సిటీ బయటి ఉద్యోగాలకు కూడా పెట్టాలనుకుంటున్నాను, వాటికి దరఖాస్తు ఎంత వేరుగా ఉంటుంది?

గడువులపట్టిక:

పోస్ట్‌డాక్ ప్రశ్న ముందు తీసుకుంటాను, మిగతా పనుల వరస దాన్నిబట్టే తేలుతుంది. పట్టా తేదీ పడిన రోజు నుంచి మీ వెనక గడియారాలు తిరగడం మొదలవుతుంది, అన్నీ ఒకే వేగంతో కాదు. జర్మనీలో హంబోల్ట్ ఫౌండేషన్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి పీహెచ్‌డీ అయి 4 ఏళ్లు దాటకూడదు. ఫ్లోరెన్స్‌లోని యూరోపియన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే మాక్స్ వెబర్ ఫెలోషిప్‌కి 5 ఏళ్లు. యూరోపియన్ యూనియన్ మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి (అందరూ ఎంఎస్‌సీఏ అంటారు) పీహెచ్‌డీ తర్వాత 8 ఏళ్ల పరిశోధనానుభవం దాకా కుదురుతుంది. పరిశోధన మానేసి వేరే పని చేసిన కాలం అందులోంచి తీసేస్తారు. కాబట్టి ఇరుకు గడియారం ఉన్నవాటికి ముందు పెట్టుకోండి. ఎంఎస్‌సీఏ ఎక్కడికీ పోదు.

ఎంఎస్‌సీఏలో జనం తప్పు చదివే నిబంధనలు రెండు. ఒకటి మొబిలిటీ నిబంధన: గడువు తేదీకి ముందు 36 నెలల్లో, మీరు వెళ్లబోయే దేశంలో మొత్తం 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. ఇది మీ పౌరసత్వం గురించి కాదు, మీరు ఎక్కడ ఉన్నారన్నదే లెక్క. రెండోది, యూరోపియన్ ఫెలోషిప్ ఏ దేశం వాళ్లకైనా ఇస్తారు గానీ, గ్లోబల్ ఫెలోషిప్ మాత్రం ఈయూ, దాని అనుబంధ దేశాల పౌరులకీ, అక్కడ చాలాకాలంగా స్థిరపడినవాళ్లకీ మాత్రమే. పేరు చూసి గ్లోబల్ అంటే ప్రపంచంలో అందరికీ అనుకుని నెల రోజులు వృథా చేసుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

గడువు సెప్టెంబరులో పడుతుంది. అంటే పని మార్చిలో మొదలవ్వాలి. దరఖాస్తు మీరొక్కరే పెట్టేది కాదు, సూపర్‌వైజరూ ఆ సంస్థా కలిసి పెట్టాలి. చాలా యూనివర్సిటీలు అంతకు ముందే, ఏప్రిల్, మే నెలల్లో, తమ తరఫున ఎవర్ని పెట్టాలో లోపల వడపోసుకుంటాయి. ఆగస్టులో మెయిల్ రాస్తే మర్యాదగా "ఈసారికి లేదు" అంటారు. ప్రధాన భాగం 10 పేజీలు. పదకొండో పేజీ రాస్తే అది మూల్యాంకనం చేసేవాళ్లకు కనపడకుండా చేస్తారు. మార్కుల్లో ఎక్సలెన్స్‌కి 50 శాతం, ఇంపాక్ట్‌కి 30, అమలుకి 20. సోషల్ సైన్సెస్ వాళ్లు తొలి భాగం ఏడు పేజీలు రాసి, ఇంపాక్ట్‌కి ఒక పేజీ విదిలిస్తారు. ఆ 30 శాతం అక్కడే పోతుంది.

హోస్ట్‌కి, అంటే మిమ్మల్ని తీసుకునే సూపర్‌వైజర్‌కి, రాసే మొదటి మెయిల్ 200 పదాలు దాటకూడదు. ప్రశ్న ఏమిటి, మీ దగ్గర ఇప్పటికే ఏ డేటా ఉంది, అదే మనిషి దగ్గరికి ఎందుకు రావాలనుకుంటున్నారు, ఏ పథకం కింద, ఏ తేదీకి. సీవీ జతచేయండి. థీసిస్ జతచేయకండి, ఎవరూ తెరవరు.

నమూనా400:

బడ్జెట్ గురించి. మీ రివ్యూలో రెండు వాక్యాలున్నా అవి చెప్పింది ఒకటే లోపం. పద్ధతి భాగంలో "400 ఇళ్లు" అని రాసి, బడ్జెట్ భాగంలో "ఫీల్డ్‌వర్క్ ఖర్చులు" అని ఒకే మొత్తం అంకె వేసి ఉంటారు. ఈ రెండిటి మధ్య లెక్క కనపడకపోతే రివ్యూయర్‌కి రెండూ గాల్లో ఉన్నట్టే.

ముందు 400 ఎందుకో తేల్చుకోండి. పూర్తి యాదృచ్ఛిక నమూనా అయితే 400 ఇళ్లకు ఎర్రర్ మార్జిన్ (ఫలితం అటూ ఇటూ ఎంత తప్పొచ్చో ఆ అంకె) సుమారు 4.9 పాయింట్లు (95 శాతం నమ్మకంతో, 50 శాతం దగ్గర). కానీ మీరు ఇళ్లను విడివిడిగా ఎంచుకోరు, ఊళ్లు ఎంచుకుని అందులో ఇళ్లు తీసుకుంటారు. ఒకే ఊళ్లో ఇళ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, అప్పుల విషయంలో మరీనూ, ఎందుకంటే అప్పిచ్చేవాడు ఒకడే అయ్యుంటాడు. ఆ పోలికను, సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతలో, 0.05 అనుకుందాం. 20 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు అయితే డిజైన్ ఎఫెక్ట్ (ఈ పోలిక వల్ల నమూనా ఎన్ని రెట్లు బలహీనపడుతుందో ఆ లెక్క) 1 + 19 × 0.05, అంటే 1.95. మీ 400 ఇళ్లు పనిచేసేది 205 ఇళ్లలాగా. మార్జిన్ 6.8కి పోతుంది. అదే 40 ఊళ్లు, ఊరికి 10 ఇళ్లు అయితే డిజైన్ ఎఫెక్ట్ 1.45, నికరంగా 276 ఇళ్లు, మార్జిన్ 5.9.

ఇప్పుడు ఖర్చు. ఒక గంట ప్రశ్నావళి అయితే ఒక ఎన్యుమరేటర్ (ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగే మనిషి) రోజుకు 4 ఇళ్లు చేస్తారు. 6 అని రాసేవాళ్లున్నారు, ఫీల్డ్ తెలిసిన రివ్యూయర్ అక్కడే ఆగిపోతాడు. 20 ఊళ్ల పథకంలో ఐదుగురు కలిసి రోజుకో ఊరు: 20 రోజులు, 100 మనిషిదినాలు, వాహనం 20 రోజులు. 40 ఊళ్ల పథకంలో ముగ్గురు రోజుకో ఊరు: 40 రోజులు, 120 మనిషిదినాలు, వాహనం 40 రోజులు. అంటే 20 మనిషిదినాలూ 20 రోజుల వాహనమూ అదనంగా పెట్టి, మార్జిన్‌లో 0.9 పాయింటు కొంటున్నారు. కొనడం అవసరమా కాదా అన్నది మీ ప్రశ్నను బట్టి. ఈ పేరా దాదాపు ఇలాగే దరఖాస్తులో రాయండి. పద్ధతీ స్పష్టమవుతుంది, బడ్జెట్‌కి ఆధారమూ దొరుకుతుంది.

మర్చిపోయే పద్దులు ఇంకొన్ని. 400 పూర్తయిన ఇంటర్వ్యూలు కావాలంటే, ఐదింట్లో ఒకరు కాదంటారనుకుని 500 చిరునామాలు చేతిలో ఉండాలి. తాళం వేసిన ఇళ్లకు రెండోసారి, మూడోసారి వెళ్లే రోజులు వేరే. శిక్షణ 3 రోజులు, పైలట్ (కొన్ని ఇళ్లలో ముందుగా చేసి చూడటం) ఒక రోజు, పైలట్ తర్వాత ప్రశ్నావళి సరిదిద్దడానికి రెండు మూడు రోజుల విరామం. 10 శాతం బ్యాక్‌చెక్, అంటే 40 ఇళ్లకు వేరే మనిషి మళ్లీ వెళ్లి ఆరేడు ప్రశ్నలు అడగడం. దీనికి డబ్బు పెట్టకపోతే చెట్టుకింద కూర్చుని నింపిన ఫారాలు ఎన్నో ఎప్పటికీ తెలియదు.

సర్వే తర్వాత లోతైన ఇంటర్వ్యూలు కూడా పెడితే వాటి లెక్క వేరు. 20 ఇంటర్వ్యూలు, ఒక్కోటి 75 నిమిషాలు, మొత్తం 25 గంటల ఆడియో. ఒక గంట ఆడియో రాసుకోవడానికి 4 నుంచి 6 గంటలు పడుతుంది, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇంకా ఎక్కువ. సగటున 5 అనుకుంటే 125 గంటలు. అనువాదం ఇందులో కలవలేదు. మొత్తం అనువదించకండి, ఉటంకించే భాగాలు మాత్రం చేయించండి. ఆ మాట బడ్జెట్ వివరణలో రాస్తే పొదుపు తెలిసినవాళ్లని అర్థమవుతుంది.

ఇక ఓవర్‌హెడ్. ఇది సంస్థ తన కరెంటుకీ, ఆఫీసుకీ తీసుకునే వాటా. దాతను బట్టి మారుతుంది. వెన్నర్ గ్రెన్ ఫౌండేషన్ (మానవశాస్త్రానికిచ్చేది) అసలు ఇవ్వదు. హొరైజన్ యూరప్‌లో (యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల పథకం) నేరుగా అయ్యే ఖర్చు మీద 25 శాతం. ఇక్కడ ఒక పాత తప్పు: మొత్తం పరిమితి 1,00,000 యూరోలైతే 75,000 ఖర్చు, 25,000 ఓవర్‌హెడ్ అని రాసేస్తారు. 25 శాతం మొత్తం మీద కాదు, ఖర్చు మీద. కాబట్టి 80,000, 20,000. అలా ఖర్చు కింద 5,000 చేజేతులా వదులుకుంటారు. ఇంకోటి, సర్వేని బయటి ఏజెన్సీకి సబ్‌కాంట్రాక్టు ఇస్తే ఆ మొత్తం మీద ఓవర్‌హెడ్ రాదు. మీ యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీసు ఇది చూసి మొహం చిట్లిస్తుంది, ముందే మాట్లాడుకోండి.

(ఎంఎస్‌సీఏ ఫెలోషిప్‌కి ఈ కసరత్తు అక్కర్లేదు. అక్కడ నెలకింత అని నిర్ణయించిన మొత్తాలే.)

ప్రశ్నలవేళ:

సెమినార్ మెయిళ్ల సంగతి. ఈ గుర్తుల్లో రెండు కనిపిస్తే తొలగించేయండి: సోషియాలజీ, నానో టెక్నాలజీ, దంతవైద్యం ఒకే సదస్సులో, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) పంపిన రెండు రోజుల్లో ఆమోదం, కార్యక్రమ కమిటీలో పేర్లున్నాయి గానీ ఆ మనుషుల సొంత పేజీల్లో ఈ సదస్సు ఊసు లేదు, ఒకే నిర్వాహకులు అదే వారం మూడు నగరాల్లో సదస్సులు, "ప్రియమైన డాక్టర్" అని మొదలై మీ పేపర్ పేరు తప్పుగా రాయడం. అనుమానం తీరకపోతే గత ఏడాది కార్యక్రమ పట్టిక అడగండి. నిజమైన సదస్సుకి అది ఉంటుంది, పీడీఎఫ్‌లో ప్యానెళ్లు, గదుల నంబర్లతో సహా.

అసలైనవాటిలో కూడా పెద్దదా చిన్నదా అన్నది చూడండి. ఇంటర్నేషనల్ సోషియలాజికల్ అసోసియేషన్ ప్రపంచ మహాసభ నాలుగేళ్లకోసారి. 2023లో మెల్‌బోర్న్‌లో జరిగింది, 2027లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూలో. అబ్‌స్ట్రాక్ట్‌ల గడువు సుమారు తొమ్మిది నెలల ముందే ముగుస్తుంది. ఒక హెచ్చరిక: ఐఎస్ఏ అనే పొట్టిపేరు ఇంటర్నేషనల్ స్టడీస్ అసోసియేషన్‌కి కూడా ఉంది, అది అంతర్జాతీయ సంబంధాల వాళ్లది, సదస్సు ఏటా. తప్పు పోర్టల్‌లో ఖాతా తెరిచినవాళ్లకు లోటు లేదు.

మహాసభలో మీకు దొరికేది ఎక్కువలో ఎక్కువ 15 నిమిషాలు, పొద్దున్నే అయితే ఏడెనిమిది మంది శ్రోతలు. సీవీలో ఒక గీత పడుతుంది. పేపర్ బాగుపడాలంటే దాని కన్నా, పేపర్లు ముందే పంచుకుని, 12 మంది ఒక గదిలో కూర్చుని ఒక్కో పేపర్ మీద 45 నిమిషాలు మాట్లాడే వర్క్‌షాప్ మేలు. సోషియలాజికల్ అసోసియేషన్‌లో వలస మీద పనిచేసేది ఆర్‌సీ31 అనే పరిశోధన కమిటీ. మహాసభల మధ్య ఏళ్లలో ఇలాంటి కమిటీలు సొంతంగా చిన్న సమావేశాలు పెడుతుంటాయి. ఫీజు విషయంలో ఆ సంఘం దేశాలను ఆదాయాన్ని బట్టి ఏ, బీ, సీ అని మూడు వర్గాలు చేసింది. బీ, సీ వర్గాల వాళ్లకు సభ్యత్వం చౌక. ముందు సభ్యత్వం, తర్వాతే సదస్సు రిజిస్ట్రేషన్. ఈ వరస తప్పితే సభ్యుడు కానివాళ్ల రేటు పడుతుంది.

తుదిప్రతి:

అందరికీ ధన్యవాదాలు. బడ్జెట్ లెక్క చూశాక దరఖాస్తు ఎందుకు తిరిగొచ్చిందో అర్థమైంది. ఒక వర్క్‌షాప్‌కి పంపబోతున్న అబ్‌స్ట్రాక్ట్ మొదటి మూడు వాక్యాలు ఇవి, కాస్త చూస్తారా?

"నేటి ప్రపంచంలో వలస ఒక ముఖ్యమైన సామాజిక పరిణామం. ప్రపంచీకరణ నేపథ్యంలో వలస కుటుంబాలు అనేక సవాళ్లను ఎదుర్కొంటున్నాయి. ఈ పత్రం వలసకూ అప్పుకూ మధ్య గల సంబంధాన్ని విశ్లేషిస్తుంది."

ప్రశ్నలవేళ:

ఏమీ అనుకోకండి, ఈ మూడు వాక్యాలు వలస మీద ఎవరు రాసిన ఏ పేపర్‌కైనా అతుకుతాయి. మీ 42 ఇంటర్వ్యూలు ఎక్కడా లేవు. 250 పదాల్లో 22 పదాలు అయిపోయాయి, చదివేవాళ్లకి ఒక్క కొత్త విషయం తెలియలేదు. ఇలా మొదలుపెట్టి చూడండి:

"ప్రయాణం కోసం చేసిన అప్పు తీరిన తర్వాత కూడా వలస కుటుంబాలు మళ్లీ ఎందుకు అప్పు చేస్తాయి? 42 ఇంటర్వ్యూల ఆధారంగా, ఇంటికి చేరే డబ్బు పాత అప్పు తీర్చడం కన్నా కొత్త అప్పు పుట్టడానికి హామీగా ఎక్కువ పనిచేస్తోందని ఈ పేపర్ వాదిస్తుంది. ఇంటి మనిషి బయట పనిచేస్తున్నాడన్న సంగతే అప్పిచ్చేవాడి దృష్టిలో తాకట్టు."

మీరు కనిపెట్టింది ఇది కాకపోతే అది పెట్టండి. వరస మాత్రం ఇదే: ప్రశ్న, దేని ఆధారంగా, ఏం తేలింది. ఎవరితో విభేదిస్తున్నారో ఆ తర్వాత ఒక వాక్యం. "విశ్లేషిస్తుంది", "చర్చిస్తుంది" కనపడితే కొట్టేయండి, వాటి వెనక ఎప్పుడూ ఏదో దాక్కుని ఉంటుంది, సాధారణంగా ఇంకా తేలని ఫలితం.

రెండుపేజీలు:

ఉద్యోగాల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తాను. ఒకే దరఖాస్తును దేశదేశానికీ పంపితే పని జరగదు, ఎందుకంటే చదివే పద్ధతే వేరు.

బ్రిటన్‌లో ప్రకటనతో పాటు "పర్సన్ స్పెసిఫికేషన్" అని పట్టిక ఉంటుంది, తప్పనిసరి అర్హతలు, ఉంటే మంచివి అని రెండు రకాలు. షార్ట్‌లిస్ట్ చేసేవాళ్లు ఆ వరుసల ప్రకారం మార్కులేస్తారు. మీ లేఖలో ఏ వరుసకు జవాబు లేకపోతే ఆ వరుసలో సున్నా, మీరెంత గొప్పవాళ్లయినా సరే. ఆ పట్టికలోని మాటలనే ఉపశీర్షికలుగా పెట్టి రాయండి. అందం కాదు గానీ పని జరుగుతుంది. అమెరికాలో తర్వాతి ఏడాది ఆగస్టు, సెప్టెంబరులో చేరే ఉద్యోగాలకు ప్రకటనలు ముందటి ఆగస్టు నుంచి నవంబరు దాకా ఎక్కువగా వస్తాయి. లేఖ, సీవీ, పరిశోధన ప్రకటన, బోధన ప్రకటన, ఒక రచన నమూనా, మూడు రికమండేషన్లు, ఇదీ మామూలు కట్ట. జర్మనీలో ఒప్పందం మీద పనిచేసే పరిశోధకులకు చట్టం ప్రకారం సాధారణంగా పీహెచ్‌డీకి ముందు 6 ఏళ్లు, తర్వాత 6 ఏళ్లే గరిష్ఠం. పైన చెప్పిన గడియారాల్లో ఇదొకటి అనుకోండి. ఫ్రాన్స్‌లో మెత్ర్ ద కాన్ఫెరాన్స్ పదవికి (శాశ్వత లెక్చరర్ ఉద్యోగం) ముందుగా జాతీయ మండలి నుంచి అర్హత ధ్రువీకరణ తెచ్చుకోవాలి, అది లేకుండా ఖాళీకి నేరుగా దరఖాస్తు సాధారణంగా కుదరదు. యూరప్ ఖాళీలకు యూరాక్సెస్, బ్రిటన్‌కి జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే చూడండి.

యూనివర్సిటీ బయట. ఐక్యరాజ్యసమితిలో పీ2 స్థాయికి (పీ అంటే ప్రొఫెషనల్ ఉద్యోగాల శ్రేణి) మాస్టర్స్‌తో పాటు 2 ఏళ్ల అనుభవం, పీ3కి 5 ఏళ్లు. అక్కడ ఇంటర్వ్యూ సామర్థ్యాల ఆధారంగా ఉంటుంది. "ఒక బృందంలో విభేదం వచ్చినప్పుడు మీరేం చేశారు" తరహా ప్రశ్నకు పరిస్థితి, మీరు చేసిన పని, ఫలితం అనే వరసలో జవాబు కావాలి. సిద్ధాంతం చెబితే మార్కులు రావు. ప్రపంచ బ్యాంకులో చాలామంది ప్రవేశం షార్ట్ టర్మ్ కన్సల్టెంట్‌గా. ఒక ఆర్థిక సంవత్సరంలో 150 రోజులకు మించి పని ఇవ్వరు, కాబట్టి దాన్ని పూర్తికాలపు జీతంగా లెక్కేసుకోకండి. వీటితో పాటు మానిటరింగ్, ఎవాల్యుయేషన్ పనులు, సర్వే సంస్థలు, టెక్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్ కూడా సోషియాలజీ వాళ్లకు దగ్గరి దారులే.

వీటికి సీవీ రెండు పేజీలు. థీసిస్ పేరు ఒక గీత చాలు. దాని బదులు: 42 ఇంటర్వ్యూలు ప్రణాళిక వేసి చేశారు, ఇన్ని గంటల ఆడియో కోడింగ్ (మాటల్ని అంశాలవారీగా గుర్తులు పెట్టి విడదీయడం) చేశారు, ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఎంత కాలంలో. కన్సల్టెన్సీ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు మూడు క్లాజులు వెతకండి: డేటాను తర్వాత ప్రచురణకు వాడుకునే హక్కు మీకుందా, నివేదికను ఎన్నిసార్లు సవరించి ఇవ్వాలి, చెల్లింపు ఏ దశలో ఎంత. సవరణలకు పరిమితి లేకపోతే చివరి వాయిదా చేతికి రావడానికి ఆరు డ్రాఫ్టులు పడతాయి.

నమూనా400:

ఒక చిన్న చేర్పు. ఏజెన్సీ డబ్బుతో చేసే సర్వే అయినా ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీ ఫీల్డ్‌వర్క్ మొదటి రోజు కన్నా ముందుండాలి. పత్రికలు ఆ తేదీ అడుగుతాయి, వెనక్కి వెళ్లి తెచ్చుకోలేరు. మీది అప్పుల అంశం కాబట్టి, అప్పిచ్చినవాళ్ల పేర్లు ఫారంలో రాయకుండా కోడ్ పెట్టండి. ఆ కోడ్ల జాబితా వేరే ఫైల్లో ఉండాలి.

తుదిప్రతి:

చివరిగా ఒకటే. నా పేపర్ ఒకటి పత్రికలో "సవరించి మళ్లీ పంపండి" దశలో ఉంది, ఇంకోటి పంపాను, జవాబు రాలేదు. సీవీలో ఎలా రాయాలి? రికమండేషన్లు ఎంత ముందు అడగాలి?

గడువులపట్టిక:

మొదటిది పత్రిక పేరుతో సహా "రివైజ్ అండ్ రీసబ్మిట్" అని రాయండి, అది బలమైన గీతే. రెండోది "పరిశీలనలో" అని రాయండి, పత్రిక పేరు వద్దు. తిరస్కరణ వస్తే వచ్చే నెల సీవీలో ఆ పేరు మాయమవడం చూసేవాళ్లు గమనిస్తారు. "ప్రచురణకు రానున్నది" అన్న మాట ఆమోదపత్రం చేతిలో ఉంటేనే. సెలెక్షన్ కమిటీల్లో ఎవరో ఒకరికి ఆ ఎడిటర్ తెలిసే ఉంటారు.

రికమండేషన్లకు ఆరు వారాలు. అడిగేటప్పుడు అన్ని గడువులూ ఒకే పట్టికలో పెట్టి, సీవీ, రెండు పేజీల ప్రాజెక్టు, ప్రతి పోస్టుకీ వాళ్లు ఏ విషయం గురించి రాస్తే బాగుంటుందో ఒక్కో వాక్యం ఇవ్వండి. ముగ్గురికీ ఒకే విషయం ఇవ్వకండి. ఒకరు మీ ఫీల్డ్‌వర్క్ గురించి, ఒకరు వాదన గురించి, ఒకరు బోధన గురించి. గడువుకు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఇంకోసారి గుర్తుచేయండి. పోర్టల్ పంపే ఆటోమేటిక్ మెయిల్ చాలాసార్లు స్పామ్‌లోకి పోతుంది, అందుకని లింకు వచ్చిందా అని మీరే అడగండి.